విస్తరి వేశాక లేదనడం: వర్చువల్ మెమరీలో మాట, నిలవ

స్మారకోపన్యాసానికి వచ్చినవాడు ముందుగా నాలుగు మంచిమాటలు చెప్పి విషయంలోకి వెళ్లడం ఆనవాయితీ. చదువు చెప్పడమే జీవితంగా బతికినవారి పేరు మీద జరిగే సభలో నేరుగా చదువులోకి దిగడమే వారికి సరైన నివాళి అనుకుంటాను. అందుకే విషయంతోనే మొదలుపెడుతున్నాను.

చవకరకం ఫోను వాడేవాళ్లందరికీ తెలిసిన ఇబ్బంది ఒకటుంది. ఏదో దరఖాస్తు నింపుతుంటారు. పేరు, తండ్రి పేరు, ఊరు, పిన్‌కోడ్, ఆధార్ అంకెలు పన్నెండూ కొట్టాక ఓటీపీ వస్తుంది. అది చూసుకోవడానికి మెసేజీల్లోకి వెళ్తారు. ఆరంకెలు మనసులో అనుకుంటూ వెనక్కి వస్తే దరఖాస్తు కనబడదు. యాప్ మళ్లీ మొదటి తెర నుంచి మొదలవుతుంది. ఈలోగా ఓటీపీ గడువు అయిపోతుంది. కొందరు నెట్‌వర్క్‌ను తిట్టుకుంటారు, కొందరు తమకే ఫోను వాడటం సరిగ్గా రాదనుకుని నొచ్చుకుంటారు. నిజానికి ఆ పది సెకన్లలో ఫోను లోపల ఒక తీర్పు జరిగింది. మెమరీ చాలలేదు, ఎవరో ఒకరు లేవాలి, తెరమీద లేనివాణ్ణి లేపేశారు. ఎవరిని లేపాలి, ఎప్పుడు లేపాలి, లేపేముందు చెప్పాలా వద్దా అని ఆపరేటింగ్ సిస్టమ్‌లు రాసేవాళ్లు అరవయ్యేళ్లుగా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. నేను వాదించబోయేది ఇదీ: ‘ఎవరిని లేపాలి’ అన్న ప్రశ్న మీద మనం చాలా తెలివి ఖర్చుపెట్టాం, కానీ ‘లేదని ఎప్పుడు చెప్పాలి’ అన్న ప్రశ్న దానికన్నా పెద్దది. వర్చువల్ మెమరీలో మంచి రూపకల్పనకూ చెడ్డ రూపకల్పనకూ తేడా ఎక్కువగా ఈ రెండో ప్రశ్న దగ్గరే తేలుతుంది.

అసలు ఈ మాట ఇవ్వడం ఎక్కడ మొదలైందో చూద్దాం. 1950ల్లో ప్రోగ్రాం రాసేవాడి ముందు రెండు రకాల మెమరీ ఉండేది. కోర్ వేగమైనది, ఖరీదైనది, చిన్నది. డ్రమ్ము పెద్దదే కానీ వేల రెట్లు నిదానం. ప్రోగ్రాం కోర్‌లో పట్టకపోతే దాన్ని ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎప్పుడు లోపలికి రావాలో, వచ్చేముందు ఏది బయటికి పోవాలో, అంతా రాసేవాడే లెక్కగట్టుకోవాలి. దీన్నే ఓవర్‌లే అనేవారు. అసలు లెక్క చేయడానికి పట్టిన శ్రమకన్నా ఈ సర్దుబాటుకు పట్టే శ్రమే ఎక్కువయ్యేది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందం ఫెరాంటి కంపెనీతో కలిసి కట్టిన అట్లాస్ యంత్రం 1962 డిసెంబరులో ప్రారంభమైంది. అది ఈ భారాన్ని రాసేవాడి నెత్తి మీంచి దించింది. అందులో కోర్ 16 వేల పదాలు, డ్రమ్ము 96 వేల పదాలు. రెంటినీ 512 పదాల పేజీలుగా విభజించి, ప్రోగ్రాంకు మాత్రం ఒకే పెద్ద మెమరీ ఉన్నట్టు చూపించారు. కోర్‌లో పట్టేవి 32 పేజీలు. ఒక్కో పేజీకి కాపలాగా ఒక్కో రిజిస్టరు. ప్రోగ్రాం అడిగిన పేజీ ఆ ముప్ఫయి రెండులో లేకపోతే యంత్రం దాన్ని ఒక్క క్షణం ఆపి, డ్రమ్ము మీంచి పేజీ తెచ్చి, ఏమీ జరగనట్టు నడిపించేది. ఎవరిని బయటికి పంపాలో తేల్చడానికి ఒక్కో పేజీ ఎంతసేపు వాడుకలో ఉంటోంది, ఎంతసేపు ఊరికే ఉంటోంది అని గమనించే చిన్న ప్రోగ్రాం కూడా ఉండేది. దానికి వాళ్లు ‘నేర్చుకునే ప్రోగ్రాం’ అని పేరు పెట్టారు.

ఈ ఏర్పాటులో రాసేవాడికి కలిగిన సుఖం గురించి అందరూ చెబుతారు. దానికి చెల్లించిన మూల్యం గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఏ పేజీ తర్వాత ఏది కావాలో ప్రోగ్రాం రాసినవాడికి ఎంతో కొంత తెలుసు. యంత్రానికి తెలిసింది గడిచిన కథే. తెలిసినవాడి చేతిలోంచి తెలియనివాడి చేతిలోకి నిర్ణయం మారింది. అట్లాస్ నాటి పరిస్థితిలో ఈ బేరం తప్పకుండా లాభసాటిదే, నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ తెలియనివాడు నిర్ణయం చేస్తున్నాడన్న సంగతి మరిచిపోయిన ప్రతిసారీ ఈ రంగంలో దెబ్బ తగిలింది.

1966లో ఐబీఎమ్‌లో లాస్లో బెలాడీ ఈ తెలియనితనానికి ఒక కొలత ఇచ్చాడు. భవిష్యత్తు పూర్తిగా తెలిస్తే ఎవరిని పంపాలో చెప్పడం సులువు. అందరికన్నా ఆలస్యంగా మళ్లీ అవసరపడే పేజీని పంపాలి. ఈ పద్ధతిని అమలు చేయడం కుదరదు గానీ, మిగతా పద్ధతులన్నీ దానికి ఎంత దూరంలో ఉన్నాయో కొలవడానికి అది గీటురాయి అయింది. మరి మూడేళ్లకు ఆయనే తన సహచరులతో కలిసి ఇంకో వింత బయటపెట్టాడు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివినవాళ్లు ఆ వరస చేసే ఉంటారు: 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5. ముందు వచ్చినవాణ్ణి ముందు పంపే పద్ధతిలో మూడు పేజీలకు గదులిస్తే తొమ్మిది పేజీ ఫాల్టులు, అంటే అడిగిన పేజీ లోపల లేక బయటినుంచి తేవలసిన సందర్భాలు; నాలుగు గదులిస్తే పది. చోటు పెంచితే పని పాడైంది! ఎవరిని లేపాలన్న ప్రశ్న తేలికైంది కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ రోజుల్లోనే మల్టిక్స్ సిస్టమ్‌లో కోర్బతో ప్రయోగించిన గడియారం ముల్లు పద్ధతి నుంచి, 2022లో లైనక్స్ 6.1లోకి వచ్చిన బహుతరాల పట్టిక వరకు, ఇదే ప్రశ్నకు జవాబులు మెరుగవుతూ వచ్చాయి. అవన్నీ విలువైన పనులే.

అయితే 1968లో పీటర్ డెన్నింగ్ వేరేవైపు నుంచి చూశాడు. అప్పటి యంత్రాలకు అంతుబట్టని ఒక జబ్బు ఉండేది. పది ప్రోగ్రాములు నడుస్తున్నంతసేపు అంతా బాగుండేది. పదకొండోది చేరగానే యంత్రం మొత్తం కుప్పకూలినట్టయ్యేది. ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది, డ్రమ్ము మాత్రం ఊపిరాడకుండా తిరుగుతుంటుంది. దీన్ని థ్రాషింగ్ అన్నారు. అంకెల్లో చూస్తే దీని ఉధృతి అర్థమవుతుంది. ఇవాళ్టి మెమరీని ఒకసారి తాకడానికి సుమారు 100 నానోసెకన్లు అనుకుందాం. తిరిగే డిస్కు నుంచి పేజీ తేవడానికి 10 మిల్లీసెకన్లు అనుకుందాం. వెయ్యిసార్లు తాకితే ఒక్కసారి మాత్రమే పేజీ దొరకలేదనుకోండి. అంటే తొమ్మిది వందల తొంభై తొమ్మిది సార్లు అంచనా సరైందే. అయినా సగటు వేగం వంద రెట్లు పడిపోతుంది. మందగింపు పదిశాతం దాటకూడదంటే పది లక్షల తాకుళ్లకు ఒక్క ఫాల్టే ఉండాలి. డిస్కు తీసేసి 100 మైక్రోసెకన్లలో జవాబిచ్చే ఎస్ఎస్‌డీ పెట్టినా, వెయ్యికి ఒక ఫాల్టుతో యంత్రం సగం వేగానికి దిగుతుంది. ఇంత సన్నటి అంచు మీద నడుస్తున్నప్పుడు, ఎవరిని లేపాలన్న తెలివి ఎంత పెంచినా పదకొండోవాడు తెచ్చిన కొరత తీరదు. పైగా అప్పటి షెడ్యూలర్లు ప్రాసెసర్ ఖాళీగా ఉందని చూసి, పని చాలడం లేదనుకుని, పన్నెండోవాణ్ణి కూడా లోపలికి పిలిచేవి.

డెన్నింగ్ చెప్పిన మందు సరళమైనది. ప్రతి ప్రోగ్రాం గత కొద్దికాలంలో తాకిన పేజీలన్నీ కలిపి దాని ‘వర్కింగ్ సెట్’. చేతికందేంత దూరంలో పెట్టుకుని పనిచేసే సరంజామా అన్నమాట. కంసాలి ముందు ఆకురాయి, పటకారు, బొగ్గుల కుంపటి ఉంటాయి. వాటిలో ఒకటి అటక మీద ఉంటే పని సాగదు. ఆ సరంజామా అంతా పట్టేంత చోటుంటేనే ప్రోగ్రాంను నడవనివ్వాలి, లేకపోతే బయటే కూర్చోబెట్టాలి. ఈ మందులో ఎవరిని లేపాలన్నది ప్రధానం కాదు. ఎవరిని లోపలికి రానివ్వకూడదన్నదే దీని సారం. ఈ రంగంలో వచ్చిన అన్ని ఆలోచనల్లోకీ ఇదే లోతైనదని నా నమ్మకం. పాఠ్యపుస్తకాల్లో దీనికి రెండు పేజీలూ, లేపే పద్ధతులకు ఇరవై పేజీలూ దక్కడం నన్ను బాధపెడుతుంది.

ఆ మందును వాడినవాళ్లు, వాడనివాళ్లు ఇద్దరూ ఒకే యంత్రం మీద కనబడతారు. 1977లో డిజిటల్ సంస్థ తెచ్చిన వాక్స్‌లో పేజీని ఎవరైనా తాకారా లేదా అని గుర్తుపెట్టే బిట్టు లేదు. గుర్తుబిట్టు లేకుండా పేజీలు మార్చడమంటే హాజరుపట్టీ లేకుండా బడి నడపడమే. ఆ సంస్థ సొంత సిస్టమ్ వీఎమ్ఎస్ ప్రతి ప్రాసెస్‌కూ ఒక హద్దు గీసింది. నీకు ఇన్ని పేజీలు, అది దాటితే నీ పేజీల్లోంచే ఒకటి పోవాలి, పక్కవాడివి ముట్టుకోకూడదు. పంపే పద్ధతి మొరటుదే, ముందు వచ్చినది ముందు పోతుంది. కానీ పోయిన పేజీ వెంటనే చెరిగిపోదు, వసారాలో కొంతసేపు ఉంటుంది. ఈలోగా మళ్లీ కావాలంటే డిస్కు దాకా వెళ్లకుండానే తిరిగొస్తుంది. ఇటు బర్క్‌లీలో బాబావోలు, బిల్ జాయ్ అదే వాక్స్ మీద 1979లో 3బీఎస్‌డీ కోసం వేరే దారి పట్టారు. అందరి పేజీలూ ఒకే వలయం, ఒకే ముల్లు. పేజీలను కావాలనే చెల్లనివిగా గుర్తుపెట్టి, ఎవరైనా తాకినప్పుడు వచ్చే చిన్న ఫాల్టునే హాజరుగా రాసుకున్నారు. సాఫ్ట్‌వేర్‌తో లేని బిట్టును సృష్టించిన ఆ ఉపాయానికి ఇప్పటికీ చేతులెత్తి నమస్కరించాలి. ఉమ్మడి వలయంలో చోటు వృథా పోదు, ఎవరికి అవసరమైతే వాళ్లకు పోతుంది. అయితే ఒక్క ఆబగొట్టు ప్రోగ్రాం ఊరందరి పేజీలూ మింగగలదు. వీఎమ్ఎస్ హద్దులో కొంత చోటు ఖాళీగా పడి ఉండొచ్చు గానీ, ఒకడి ఆకలి ఇంకొకడి మీద పడదు. లైనక్స్ ఉమ్మడి వలయాన్నే ఎంచుకుంది. 2008లో మెమరీ సీగ్రూపులతో మళ్లీ హద్దులు గీయడం మొదలుపెట్టింది. ఇవాళ క్లౌడ్‌లో నడిచే కంటైనర్లకు పెట్టే మెమరీ పరిమితి ఆ హద్దే. ముప్ఫయ్యేళ్లు తిరిగి వీఎమ్ఎస్ గుమ్మం దగ్గరికే వచ్చాం.

ఇప్పుడు నా వాదనకు గుండెకాయ లాంటి చోటుకు వస్తున్నాను. బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం మనవాళ్లకు అలవాటు. కర్చీఫ్ వేయడం వేరు, చేతిలో ఆ సీటుకు టికెట్టు ఉండటం వేరు. మెమరీ అడగడంలోనూ ఈ రెండూ వేర్వేరు. వీఎమ్ఎస్ రూపకర్తల్లో ఒకరైన డేవ్ కట్లర్ నాయకత్వంలో 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ ఈ రెంటికీ రెండు వేర్వేరు పేర్లు పెట్టింది. ‘రిజర్వ్’ అంటే చిరునామాలు మాత్రమే, అంటే కర్చీఫ్. ఎంత అడిగినా పెద్ద ఖర్చు లేదు. ‘కమిట్’ అంటే నిజమైన హామీ. అది అడిగిన క్షణంలో కెర్నల్ ర్యామ్, పేజ్‌ఫైల్ కలిపి ఎంత ఉందో, ఇప్పటిదాకా ఎంతకు మాట ఇచ్చామో పద్దు చూస్తుంది. చాలకపోతే అక్కడికక్కడే లేదంటుంది. లైనక్స్ మామూలుగా అలా చేయదు. ప్రోగ్రాం మాలాక్ పిలిచి ఒక గిగాబైటు అడిగితే సరేనంటుంది. ఇంకోటి అడిగినా సరేనంటుంది. ఒక్క దెబ్బకు ఉన్నదానికన్నా ఎక్కువ అడిగితే తప్ప కాదనదు. పేజీని ప్రోగ్రాం మొదటిసారి తాకినప్పుడే అసలు చోటు వెతుకుతుంది. 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో, తాకకుండా అడుగుతూ పోతే, టెరాబైట్ల కొద్దీ మాట దొరుకుతుంది. దీన్ని ఓవర్‌కమిట్ అంటారు. మనకు తెలిసిన మొహమాటమే ఇది. గుమ్మం దగ్గర ఎవరినీ కాదనలేకపోవడం.

వెయ్యి శుభలేఖలు పంచి ఆరువందల మందికి వండించడం పెళ్లింట మామూలే. అందరూ రారని అనుభవం చెబుతుంది. ఆ లెక్క తప్పిన రోజు ఏం చేస్తామన్నదే అసలు పరీక్ష. వంట చాలదని తెలిస్తే మర్యాద తెలిసిన ఇంటివాళ్లు రెండో బంతిని కాసేపు ఆపుతారు, వంటవాణ్ణి పరిగెత్తిస్తారు. కూర్చుని అన్నం కలుపుకుంటున్నవాణ్ణి విస్తరి ముందు నుంచి మాత్రం లేపరు. లైనక్స్ సరిగ్గా ఆ లేపే పనే చేస్తుంది. తాకిన పేజీకి చోటు లేనప్పుడు, ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే దారి లేదు. మాలాక్ ఎప్పుడో సరేనంది, ప్రోగ్రాం ఇప్పుడు మామూలుగా ఒక అంకె రాసుకుంటోంది, ఆ వాక్యం దగ్గర ‘లేదు’ అని చెప్పడానికి నోరు లేదు. అప్పుడు కెర్నల్‌లో మెమరీ అయిపోయినప్పుడు పనిచేసే ఓఓఎమ్ కిల్లర్ లేస్తుంది. ఒక్కో ప్రాసెస్‌కూ మార్కులు వేస్తుంది. ఎక్కువ మెమరీ తిన్నవాడికి ఎక్కువ మార్కులు. వాణ్ణి పట్టుకోవడానికి వీల్లేని సంకేతంతో చంపేస్తుంది. సర్వరులో ఎక్కువ మెమరీ తినేది ఏది? ఏ పని కోసం ఆ యంత్రం కొన్నారో ఆ డేటాబేసే. పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఒక బ్యాకెండ్ ప్రాసెస్ ఇలా చచ్చిపోతే ఉమ్మడి మెమరీ సగం రాసిన స్థితిలో ఉండిపోయి ఉండొచ్చన్న భయంతో మాతృ ప్రాసెస్ మిగతా బ్యాకెండ్లన్నింటినీ ఆపి, డేటాను లాగ్ నుంచి సరిచేసుకుని మళ్లీ మొదలుపెడుతుంది. ఒకణ్ణి లేపితే బంతంతా లేచింది. అదే మాలాక్ ముందుగానే లేదని ఉంటే ఆ ఒక్క క్వెరీ ‘మెమరీ చాలలేదు’ అన్న సందేశంతో ఆగి, మిగతా అందరూ తమ పని చేసుకునేవారు. అందుకే పోస్ట్‌గ్రెస్ వాళ్లు తమ పత్రాల్లో లైనక్స్‌లోని ఓవర్‌కమిట్ అమరికను 2కు, అంటే పద్దు చూసి మాట ఇచ్చే పద్ధతికి, మార్చుకోమని సలహా ఇస్తారు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఫోర్క్ నుంచి వస్తుంది. యూనిక్స్‌లో కొత్త ప్రాసెస్ పుట్టించాలంటే ఉన్నదాన్ని రెండుగా చీల్చాలి. 32 జీబీ యంత్రంలో 20 జీబీ తిన్న ప్రోగ్రాం ఒకటి, ఏదో చిన్న పని చేయించడానికి ఫోర్క్ పిలిచిందనుకోండి. పిల్ల, తల్లి ఒకే పేజీలు పంచుకుంటాయి, ఎవరైనా రాసినప్పుడే నకలు తీస్తారు. నిజంగా కావలసింది కొన్ని పేజీలే. కానీ పద్దు కచ్చితంగా రాయాలంటే రెండూ అన్నీ తిరగరాయవచ్చు కాబట్టి 40 జీబీకి మాట ఉండాలి. కచ్చితమైన పద్ధతి ఫోర్క్‌ను తిరస్కరిస్తుంది, యంత్రంలో 12 జీబీ ఖాళీగా ఉండగానే. రెడిస్ తన డేటాను డిస్కుమీద దాచడానికి ఫోర్క్ మీదే ఆధారపడుతుంది. అందుకే రెడిస్ వాళ్ల సలహా పోస్ట్‌గ్రెస్‌కు పూర్తిగా ఎదురు: ఓవర్‌కమిట్‌ను 1కి, అంటే అడిగిందల్లా ఇమ్మనే పద్ధతికి, మార్చమంటారు. రెండు మంచి డేటాబేసులు, రెండూ అనుభవంతో చెప్పినవే, రెండు వ్యతిరేక సలహాలు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రెడిస్‌కు అది సరైన సలహానే. కానీ ఇక్కడ పద్దును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. ఫోర్క్ అన్న పిలుపు తనకు ఏం కావాలో చెప్పదు. ‘కొత్త ప్రోగ్రాం ఒకటి నడపాలి’ అన్నవాడూ, ‘నా మొత్తం స్థితికి నకలు కావాలి’ అన్నవాడూ ఒకే మాట అంటారు. అడిగేవాడు అవసరం చెప్పకపోతే ఇచ్చేవాడు లెక్క ఎలా వేస్తాడు? 1979లోనే 3బీఎస్‌డీ, నకలు అక్కర్లేనివాళ్ల కోసం వీఫోర్క్ అని వేరే పిలుపు పెట్టింది. 2019లో బౌమన్, అప్పావూ, క్రీగర్, రాస్కో రాసిన విమర్శావ్యాసం ఫోర్క్‌ను ఆధునిక సిస్టమ్‌లకు తగని వారసత్వమనీ, ఓవర్‌కమిట్‌కు అది ఊతమిస్తోందనీ చెప్పింది. నేను వాళ్లతో ఏకీభవిస్తాను.

వృథా గురించి రెండో అభ్యంతరం. ప్రోగ్రాములు అడిగినదంతా వాడవు. పెద్ద పట్టికను అడిగి నాలుగు మూలలు తాకేవి ఉంటాయి. గార్బేజ్ కలెక్టరు ఉన్న భాషల రన్‌టైమ్‌లు ముందే విశాలమైన చిరునామాల మైదానం గీసుకుంటాయి. వాటన్నిటికీ నిజమైన చోటు చూపించాలంటే యంత్రం సగం ఖాళీగా ఉంటుందంటారు. ఈ మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. చిరునామాలు గీసుకోవడం కర్చీఫ్ వేయడమే, దానికి పద్దు అక్కర్లేదు. రాయడానికి అనుమతి లేకుండా గీసుకున్న మైదానాన్ని లైనక్స్ కచ్చితమైన పద్ధతిలో కూడా లెక్కలోకి తీసుకోదు. ఇక మిగిలినదానికి హామీగా ర్యామే ఉండక్కర్లేదు, డిస్కుమీద స్వాప్ అనే చోటుంటే చాలు. ఆ చోటు ఎప్పటికీ వాడకపోవచ్చు. కాపలా కోసం కొన్న కొన్ని గిగాబైట్ల స్వాప్‌ను వృథా అనడం, బస్సులో అగ్నిమాపక డబ్బాను వృథా అనడం లాంటిది. స్వాప్ ఉంటే యంత్రం నిదానిస్తుందని చాలామంది సర్వర్లలో దాన్ని పూర్తిగా తీసేస్తారు. నిదానం స్వాప్ వల్ల వచ్చింది కాదు, పట్టనంతమందిని పిలవడం వల్ల వచ్చింది. స్వాప్ తీసేస్తే ఆ కొరత తీరదు, యంత్రం ఇంకా త్వరగా ఎవరో ఒకరిని చంపేదాకా వెళ్తుంది.

లేదని చెప్పినా వినేవాడు లేడు కదా అని ఇంకొకరు అంటారు. ప్రోగ్రామర్లలో ఎక్కువమంది మాలాక్ ఏం తిరిగిచ్చిందో చూడరు, సున్నా వచ్చినా దాన్నే పట్టుకుని ముందుకెళ్లి కూలిపోతారు. ఇది నిజమే, నేను కాదనను. కానీ ఎప్పుడూ లేదనని ఇంట్లో పిల్లలకు లేదన్న మాట వినడం ఎలా అలవాటవుతుంది? ఎక్కువ వాడకంలో ఉన్న సర్వర్ కెర్నల్ ఏళ్ల తరబడి సరే అంటూనే ఉంది కాబట్టి, చూసుకోవడం వ్యర్థమని ఒక తరమంతా నేర్చుకుంది. చూసుకునే ప్రోగ్రాములు, డేటాబేసులు మొదలైనవి, ఆ జాగ్రత్తకు ఫలం దక్కక నష్టపోతున్నాయి. మెమరీ ఇప్పుడు చవక, ఇదంతా పాతకాలపు బాధ అనేవాళ్లూ ఉన్నారు. మెమరీ పెరిగినకొద్దీ బాధ రూపం మార్చుకుంది. చిరునామాలను తర్జుమా చేసే టీఎల్‌బీ ఇంటెల్ స్కైలేక్‌లో రెండో అంతస్తున 1536 గళ్లది. 4 కేబీ పేజీలతో అది 6 ఎంబీకి మాత్రమే చాలుతుంది. అందుకే 2 ఎంబీ పేజీలు వచ్చాయి, అప్పుడు అదే పట్టిక 3 జీబీకి సరిపోతుంది. 2011లో లైనక్స్ వాటిని అడగకుండానే వడ్డించడం మొదలుపెట్టింది. ఒక్క బైటు తాకినవాడి విస్తరిలో రెండు మెగాబైట్లు పడ్డాయి. అడగని వడ్డన తమ లెక్కను పాడుచేస్తోందని రెడిస్ దాన్ని ఆపేయమని చెప్పింది. అడిగినప్పుడు మాత్రమే ఇచ్చే ఏర్పాటు కూడా అదే కెర్నల్‌లో ఉంది. సర్వర్లకు అదే మంచిదని నా అభిప్రాయం.

ఇక నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం ఫోను నుంచే వస్తుంది. ఆండ్రాయిడ్ రోజంతా ప్రాసెస్‌లను చంపుతూనే ఉంటుంది, అయినా కోట్లమంది దాంతో హాయిగా బతుకుతున్నారు. చంపడమే మహాపాపమైతే ఫోన్లు ఎలా నడుస్తున్నాయి? దీనికి జవాబు వెతికితే నా వాదన ఇంకా స్పష్టపడుతుంది. ఆండ్రాయిడ్‌లో యాప్ రాసేవాడికి మొదటిరోజే షరతు చెబుతారు. నీ తెర పక్కకు తప్పుకోగానే నీ స్థితిని దాచుకునే అవకాశం ఇస్తాం. ఆ తర్వాత ఏ క్షణంలోనైనా నిన్ను చెప్పకుండా తీసేయవచ్చు. వెనక్కి పిలిచినప్పుడు దాచినది నీ చేతికిస్తాం. తెరమీద ఉన్నవాణ్ణి మాత్రం అందరికన్నా చివర్లోనే ముట్టుకుంటాం. ఇక్కడ లేదన్న మాట విస్తరి వేయకముందే చెప్పారు. ఒప్పందంలో భాగంగా చెప్పారు. వినగలిగిన చోట చెప్పారు. ఇప్పుడు ఓటీపీ కోసం పక్కకెళ్లి వచ్చేసరికి దరఖాస్తు పోగొట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్దాం. ఆమెకు జరిగిన నష్టానికి బాధ్యులెవరో వేలుపెట్టి చూపించగలం. సిస్టమ్ మాట తప్పలేదు. దాచుకోమన్నప్పుడు ఆ పన్నెండంకెలు దాచని యాప్‌దే తప్పు. సర్వర్ మీద ఓఓఎమ్ కిల్లర్ చంపిన డేటాబేసు విషయంలో ఇలా చూపించలేం. డేటాబేసు తప్పు చేయలేదు, ఇచ్చిన చోటులోనే రాసుకుంది. ఎక్కువ అడిగిన పక్క ప్రోగ్రాం కూడా తప్పు చేయలేదు, దానికి సరేనన్నారు. అందరూ నియమం ప్రకారమే నడిచారు, అయినా ఒకరు చచ్చారు. తప్పు ఎవరిదో చెప్పలేని చోట దాన్ని సరిదిద్దేవాడూ ఉండడు.

కెర్నల్ రాసేవాళ్లు ఈ లోపాన్ని గమనించడం లేదని అనలేం. 2018 చివర్లో లైనక్స్ 4.20లోకి ‘ప్రెషర్ స్టాల్’ సమాచారం వచ్చింది. ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ సర్వర్ల కోసం చేసిన పని అది. మెమరీ ఎంత నిండిందన్న పాత కొలతను పక్కనపెట్టి, మెమరీ కోసం పనులు ఎంత సమయం ఎదురుచూస్తూ పోగొట్టుకున్నాయో అది చెబుతుంది. గోదాము నిండుగా ఉండటం ఇబ్బంది కాదు, గేటు ముందు లారీలు నిలిచిపోవడం ఇబ్బంది. డెన్నింగ్ అంతకు యాభయ్యేళ్ల ముందు పట్టుకున్న నాడి ఇదే. ఈ కొలతను బట్టి, గొంతుదాకా రాకముందే తక్కువ ముఖ్యమైన పనిని ఆపే సహాయక ప్రోగ్రాములు ఇప్పుడున్నాయి. మంచి అడుగే. అయినా ఇది తలుపు దగ్గర చెప్పవలసిన మాటను వసారాలో చెప్పడం వరకే వచ్చింది. తలుపు దగ్గరే చెప్పాలంటే, అడిగే పిలుపులో అవసరం కూడా పలకాలి. ఇది కర్చీఫా, టికెట్టా, పోయినా ఫర్వాలేని కాష్‌ కోసమా, ఎట్టి పరిస్థితిలోనూ పోకూడనిదా. ఇప్పుడు లైనక్స్‌లోని ఎమ్‌అడ్వైజ్ అన్న పిలుపులో ఈ మాటలు కొన్ని చెదురుమదురుగా ఉన్నాయి, సలహాలుగా. వాటిని ఒప్పందంగా మార్చడం రాబోయే తరం చేయవలసిన పని.

ఈ సభలో విద్యార్థులు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక చిన్న ప్రయోగం చెబుతాను. ఇంటి దగ్గర పాత లాప్‌టాప్ మీద, పోయినా ఫర్వాలేని లైనక్స్‌లో చేసుకోండి. ఒక లూపులో మాలాక్‌తో 100 ఎంబీ చొప్పున అడిగి, వచ్చిన ప్రతి ముక్కనూ ఒకట్లతో నింపి, ఎన్నో ముక్కో అచ్చువేసే పది వాక్యాల సీ ప్రోగ్రాం రాయండి. మాలాక్ సున్నా ఇస్తే ‘ఇక చోటు లేదు, ఇప్పటిదాకా చేసింది దాచుకుంటున్నాను’ అని అచ్చువేసి ఆగమనండి. ముందుగా ఓవర్‌కమిట్‌ను 2కు పెట్టి నడపండి. కొన్ని ముక్కల తర్వాత మీరు రాసిన ఆ వాక్యం తెరమీదికి వస్తుంది. తర్వాత 1కి పెట్టి నడపండి. అంకెలు పెరుగుతూ పోతాయి, యంత్రం బరువెక్కుతుంది, మౌసు కదలడం మానేస్తుంది. చివరికి తెరమీద ‘కిల్డ్’ అన్న ఒక్క మాట కనబడుతుంది. దాన్ని రాసింది మీ ప్రోగ్రాం కాదు, దాని బయట ఉన్న షెల్. మీరు రాసిన వాక్యం ప్రోగ్రాంలో అలాగే ఉంటుంది, అక్కడిదాకా చేరే అవకాశం దానికి రాదు.